ప్లస్‌టూ వీలునామాకు పదహారు వందల ఏళ్ల తాత

జనవరి నెలాఖరుకల్లా చెన్నై స్కూళ్లలో పదకొండో తరగతి పిల్లలకు చందాల పని పడుతుంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాసి వెళ్లిపోయే పన్నెండో తరగతి (ఇక్కడి మాటలో ప్లస్‌టూ) అన్నయ్యలకూ అక్కయ్యలకూ ఫేర్‌వెల్ ఇవ్వాలి కదా. హాలుకు అలంకరణ, సమోసా, కూల్‌డ్రింకు, గుర్తుగా ఒక కప్పో పెన్నో, అన్నింటికీ మించి సీనియర్లలో ఒక్కొక్కరికీ ఒక్కో టైటిల్, అంటే సరదా బిరుదు. దానికి బదులుగా సీనియర్లు మైకు దగ్గరికొచ్చి, ఉత్తుత్తి వీలునామా చదివి జూనియర్లకు తమ ‘ఆస్తులు’ పంచుతారు. నవ్వులన్నీ ఈ రెండు చోట్లే. గొడవలు కూడా ఈ రెండు చోట్లే. అందుకే ఈమధ్య కొన్ని స్కూళ్లు ముందే సర్క్యులర్ పంపేస్తున్నాయి: టైటిళ్లు వద్దు, వీలునామాలు వద్దు, మాట్లాడదలచింది ముందుగా క్లాస్ టీచరుకు చూపించాలి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో సగం మంది ‘మంచి పని చేశారు’ అంటారు, మిగతా సగం ‘పిల్లల సరదా కూడా చూడలేరా’ అంటారు.

రెండింటినీ ఒకే గాటన కట్టేయడం దగ్గరే నాకు పేచీ. టైటిల్ది ఒక వంశం, వీలునామాది మరో వంశం. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో చూస్తే, ఎవరిమీద ఫిర్యాదు చేయాలో కూడా తేలుతుంది.

ముందు వీలునామా సంగతి. తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్న పిల్లలున్న స్కూల్లో అయితే దాని నడక దాదాపు ఇలా ఉంటుంది: “ప్లస్‌టూ బి సెక్షన్, కిటికీ పక్క ఆఖరి బెంచీ కాపురస్తుడనైన నేను, పూర్తి స్వస్థచిత్తముతో, ఫిజిక్స్ సారు బలవంతము గానీ ప్రేరేపణ గానీ లేకుండా, నా ఇష్టపూర్వకముగా వ్రాసి ఇచ్చిన వీలునామా ఏమనగా: ‘బస్సు దొరకలేదు సార్’ అను నా స్వార్జితమైన అబద్ధమును, ప్రతి సోమవారము ఆలస్యముగా వచ్చు ప్లస్‌వన్ తమ్ముడికి దఖలు పరచడమైనది. రికార్డు నోటులో పక్కవాడి కప్ప బొమ్మను చూసి దించు విద్య నాకు మా సీనియర్ల ద్వారా సంక్రమించిన పిత్రార్జితము గనుక దానిని జువాలజీ గ్రూపువారందరూ సమభాగములుగా పంచుకొని, దాన విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవలెను. క్యాంటీన్ బాకీ మాత్రము నా ఆస్తిలో చేరదు. దానికి వారసులు తమంతట తామే ముందుకు రావలెను. సాక్షులు: వాచ్‌మన్ తాత, లాంగ్ బెల్.”

ఇందులో అసలు జోకు అబద్ధంలోనూ లేదు, బాకీలోనూ లేదు. దస్తావేజు రాతగాడి భాషలో ఉంది. రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కూర్చుని ‘ఏమనగా’ అంటూ మొదలెట్టే ఆ గంభీరమైన తెలుగు, పదిహేడేళ్ల కుర్రాడి నోటినుంచి రాగానే హాలంతా గొల్లుమంటుంది. ఈ భాష పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఇంట్లో తాతగారి పాత దస్తావేజులు తిరగేసినవాడికే పట్టుబడుతుంది. చెన్నైలో అలాంటి తాతగార్లకు కొదవలేదు.

ఈ నవ్వుకు వయసెంతో చెబితే చాలామంది నమ్మరు. నాలుగో శతాబ్దంలో లాటిన్‌లో ‘పందిపిల్ల వీలునామా’ అనే చిన్న రచన ఒకటి ఉండేది. వంటవాడు కత్తి పట్టుకొస్తే పందిపిల్ల ఒక్క గంట గడువడిగి, తను వెయ్యికి అర్ధ సంవత్సరం తక్కువగా బతికానని చెప్పుకుని, ఆస్తి పంపకం చేస్తుంది. ముళ్లలాంటి వెంట్రుకలు చెప్పులు కుట్టేవాళ్లకు, చెవులు చెవిటివాళ్లకు, నాలుక వకీళ్లకూ వాగుడుకాయలకూ, మూత్రకోశం మగపిల్లలకు, తోక ఆడపిల్లలకు, మడమలు పరుగుపందెగాళ్లకు. దీన్ని బడిపిల్లలు గుంపులు గుంపులుగా పాడుకుంటూ పగలబడి నవ్వుతున్నారని సెయింట్ జెరోమ్ అంతటి మహా పండితుడు తన గ్రంథంలో విసుక్కున్నాడు. అంటే ఉత్తుత్తి వీలునామా, దానికి నవ్వే బడిపిల్లలు, దాన్ని చూసి నొసలు చిట్లించే పెద్దలు, ముగ్గురూ పదహారు వందల ఏళ్ల కిందటే సిద్ధంగా ఉన్నారన్నమాట.

ఆ తర్వాత దాన్ని విద్యార్థి లోకానికి బాగా దగ్గర చేసినవాడు ఫ్రాన్సువా వియ్యోఁ. పారిస్ విశ్వవిద్యాలయంలో 1452లో పట్టా పుచ్చుకున్న ఈ కవి, 1456లో ఊరు విడిచి పోతూ ఒక కావ్యం రాశాడు. అందులో మంగలికి తన జుట్టు కత్తిరింపులు, చెప్పులు బాగుచేసేవాడికి తన పాత చెప్పులు రాసిచ్చాడు. 1461లో మరింత పెద్ద వీలునామా కావ్యమే రాశాడు. కొన్ని వాతలు శత్రువులకు తగిలాయి గానీ, లేనివాడు తన లేమినే ఆస్తిగా పంచడం దాని ప్రాణం.

అమెరికా కాలేజీల్లో, హైస్కూళ్లలో పందొమ్మిదో శతాబ్దం చివరికి ఇది ఏటేటా జరిగే తంతు అయిపోయింది. స్నాతకోత్సవానికి ముందు ‘క్లాస్ డే’ అని ఒక రోజు. ఆ రోజు ఒకరు తరగతి చరిత్ర చదువుతారు, ఒకరు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరేమవుతారో జోస్యం చెబుతారు, ఒకరు జూనియర్లకు వీలునామా చదువుతారు. ఇవన్నీ ఇయర్‌బుక్కులో అచ్చయ్యేవి. ‘కెమిస్ట్రీ క్లాసులో కళ్లు తెరిచి నిద్రపోయే నా నేర్పును ఫలానా తమ్ముడికి’ అనే అచ్చు అక్కడ పోతపోసిందే. ఇతర దేశాల్లో రూపం వేరు, బుద్ధి ఒకటే. ఫిన్లండులో ఫిబ్రవరిలో చివరి తరగతి పిల్లలు వేషాలు వేసుకుని లారీలెక్కి, ఊరంతా తిరుగుతూ చాక్లెట్లు విసురుతారు. నార్వేలో బడి ముగించేవాళ్లు ఎర్రటోపీలు పెట్టుకునే ఆచారం 1905 నుంచి ఉంది. ఆ టోపీవాళ్లు తమ పేరు, ఒక కొంటె వాక్యం అచ్చేయించిన కార్డులు చిన్నపిల్లలకు పంచితే, వాళ్లు పోటీపడి పోగేసుకుంటారు.

మనకు ఇలాంటి ఉత్తుత్తి వీలునామా లేకపోయినా పోతూ పోతూ పేలే గుణం లేకపోలేదు. శ్రీనాథుడి పేరుమీద చెప్పుకునే చాటువు తెలియని తెలుగు టీచరుండరు. అప్పులపాలై, ఆదరించిన రాజులందరూ పోయాక, చివరి మాటగా ఆయన అన్నాడంటారు: “దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ నరుగుచున్నాడు శ్రీనాథుడమరపురికి.” పైలోకంలో ఉన్న సీనియర్ కవుల గుండెలు గుభేల్మనేలా వస్తున్నానని హెచ్చరిక! మార్చిలో బడి వదిలి జూన్‌లో కాలేజీ గేటు తొక్కబోయేవాడికి ఇంతకన్నా తగిన పద్యం దొరకదు. శ్రీనాథుడి చోట తన పేరు, అమరపురి చోట ఇంజనీరింగ్ కాలేజీ పేరు ఇరికించి చదివినవాడికి చప్పట్లు ఖాయం. గణం తప్పినా ఎవరూ పట్టించుకోరు.

ఇక టైటిల్ సంగతి. దీని పుట్టిల్లు బిరుదు. శ్రీనాథుడు కవిసార్వభౌముడు, పెద్దన ఆంధ్ర కవితా పితామహుడు. తమిళనాడులోనూ సినిమావాళ్లకూ నాయకులకూ పట్టం కట్టనిదే పొద్దుపోదు. గోడలమీద పోస్టర్లు చూస్తూ పెరిగిన పిల్లవాడు తన సీనియర్‌కూ ఒక బిరుదు తగిలించాలనుకోవడం వింతేమీ కాదు. దీనికి అమెరికా ఇయర్‌బుక్కుల నుంచి ఇంకో పాయ వచ్చి కలిసింది: ‘గొప్పవాడయ్యే అవకాశం అందరికన్నా ఎక్కువ ఉన్నవాడు’, ‘అందరికన్నా అందగత్తె’ లాంటి ఎంపికలు. ఈ రెండూ కలిసి శాలువా బదులు మెరుపు కాగితం పట్టీ మీదకెక్కాయి. చిక్కేమిటంటే, బిరుదు వేషంలో తరగతి గదిలోని నిక్‌నేమ్ దర్జాగా స్టేజీ ఎక్కేస్తుంది. లావుగా ఉన్నవాడికి ఒకటి, నల్లగా ఉన్న అమ్మాయికి ఒకటి, నత్తి ఉన్నవాడికి ఒకటి. పట్టీ వేసుకుని, నవ్వుతూ ఫొటో దిగాలి. వద్దంటే ‘స్పోర్టివ్‌గా తీసుకోలేవా’ అంటారు.

వీలునామాలో రాసేవాడు తన దొంగవేషాలను తనే బయటపెట్టుకుని నవ్విస్తాడు. టైటిల్లో పదిమంది కూడి ఒకరిమీద నవ్వుతారు. పందిపిల్ల నుంచి వియ్యోఁ దాకా ఆస్తి ఎవరిదో వెక్కిరింతలో పెద్దవంతూ వాళ్లదే. ఈ తేడా సర్క్యులర్ రాసేవాళ్లకు కనబడదు.

అసలు చెన్నైలో ఈ ముచ్చట ఇంత బలంగా ఎందుకుందంటే దానికి 1978 కారణం. అంతకుముందు తమిళనాట బడి పదకొండో తరగతితో, ఎస్సెల్సీతో సరి. ఆపైన పీయూసీకి, అంటే డిగ్రీకి ముందు చదివే ప్రీ యూనివర్సిటీ కోర్సుకు, కాలేజీకి పోవాలి. ఆ పదకొండో తరగతిని పాత మద్రాసు తెలుగువాళ్లు ఇప్పటికీ ‘సిక్స్త్ ఫారం’ అనే అంటారు. అప్పటి వీడ్కోలుకు ఒక గ్రూప్ ఫొటో, హెడ్మాస్టరు హితబోధ, టీ, బిస్కట్లు, రంగు కాగితాల ఆటోగ్రాఫ్ పుస్తకం. అంతే. ఆటోగ్రాఫ్ పుస్తకం కూడా పదహారో శతాబ్దంలో జర్మన్ విద్యార్థులు పట్టుకు తిరిగిన స్నేహితుల పుస్తకానికి మునిమనవరాలే గానీ, ఆ కథ వేరు. 1978లో పీయూసీని కాలేజీల నుంచి తీసేసి, ప్లస్‌టూను బడికి అంటించారు. 1980 మార్చిలో మొదటి బ్యాచి పరీక్ష రాసింది. దాంతో బడిలో ఒక కొత్త జాతి పుట్టింది: మీసాలొచ్చిన బడిపిల్లలు. ఎల్‌కేజీ నుంచి ఒకే ఆవరణలో పద్నాలుగేళ్లు గడిపినవాళ్లు, వాచ్‌మన్ నుంచి కరస్పాండెంట్ దాకా అందరి గుట్లూ తెలిసినవాళ్లు. వాళ్లకు జూనియర్లంటే ముక్కుమొహం తెలియనివాళ్లు కాదు, ఏళ్ల తరబడి ఒకే వ్యాన్లో వచ్చిన పిల్లలు.

ఆంధ్రలో 1969లో ఇంటర్మీడియట్ వచ్చింది. పదో తరగతితోనే బడికి సెలవు. పదిహేనేళ్లకు వెళ్లిపోయేవాడికి వీలునామా రాసేంత ఆస్తి ఎక్కడ పోగవుతుంది? బెంగళూరులో రాష్ట్ర సిలబస్ చదివే తెలుగు పిల్లలదీ అదే వరస. పదో తరగతి ఎస్సెల్సీ కాగానే చాలామంది పీయూ కాలేజీకి మారిపోతారు. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో బదిలీ మీద వచ్చిన తల్లిదండ్రులకు చెన్నై ఫేర్‌వెల్ హంగామా విడ్డూరంగా అనిపించడానికి సగం కారణం ఇదే. చీరలు, బ్లేజర్ల ఖర్చు మిగతా సగం.

తెలుగులో ఈ సరదా నడవడం ఏటేటా కష్టమవుతోంది. జార్జిటౌన్ ఎస్‌కేపీడీ, కేసరి వంటి తెలుగువారు పెట్టిన బళ్లు ఒకప్పుడు దానికి పట్టుగొమ్మలు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. ఆ మొదటి బ్యాచి 2016లో పదో తరగతికి చేరినప్పటి నుంచి భాషా మైనారిటీ పిల్లల మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగడం మామూలైంది. మాట తెలుగే అయినా రాత ఇంగ్లీషు అక్షరాల్లోకో తమిళ లిపిలోకో పోయింది. ‘దఖలు పరచడమైనది’ని ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదివేవాడు మధ్యలో తడబడితే, హాలు ఆ తడబాటుకే నవ్వుతుంది.

స్కూళ్ల భయానికీ ఒక చరిత్ర ఉంది. 1996లో చిదంబరంలో ఒక వైద్య విద్యార్థి సీనియర్ చేతిలో హత్యకు గురయ్యాక, 1997లో తమిళనాడు ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. భయం, సిగ్గు, ఇబ్బంది కలిగించే పనులూ, ఏడిపించడం, ప్రాక్టికల్ జోకులూ అన్నీ దాని నిర్వచనంలో ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లను కాపాడేందుకు పుట్టిన చట్టం అది. వెళ్లిపోయేవాళ్ల సరదాల కోసం కాదు. అయినా ‘సిగ్గు’ అన్న ముక్క చూసిన ప్రిన్సిపాల్‌కు టైటిల్ పట్టీ చూస్తే టెన్షన్ రాకుండా ఉంటుందా? పైగా ఫోన్లు వచ్చాయి. ఒకప్పుడు స్టేజీ మీది మాట బస్‌స్టాండు చేరేలోగా మరిచిపోయేవారు. ఇప్పుడు అదే మాట రీల్‌గా మారి ఆ అమ్మాయితోపాటు కాలేజీలో కూడా అడుగుపెడుతోంది.

మధ్యలో చదువు లెక్కలు కూడా అడ్డం తగిలాయి. 2017–18 నుంచి ప్లస్‌వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టారు. ఆతిథ్యమిచ్చేవాళ్లకే హాల్‌టికెట్లు చేతికొస్తే రిహార్సల్స్ ఎవరు చేస్తారు? 2021లో కరోనాతో ప్లస్‌టూ పరీక్షే రద్దయింది. ఆ బ్యాచి చాలావరకు తెరమీదే చేతులూపి వెళ్లిపోయింది. ప్లస్‌వన్ పబ్లిక్‌ను 2025లో ఎత్తేశారు కాబట్టి జూనియర్లకు మళ్లీ తీరిక దొరికింది, దాంతోపాటు పాత పేచీలూ తిరిగొచ్చాయి.

కొన్ని చోట్ల టీచర్లే మధ్యేమార్గం పట్టారు. టైటిల్ ఎవరికి వారే రాసుకోవాలి, వేరేవాళ్లు పెట్టకూడదు. వీలునామాలో ఇచ్చేది రాసేవాడి సొంతమై ఉండాలి, పుచ్చుకునేవాడి పేరు అతన్ని అడిగే వేయాలి. రాసింది తెలుగులో ఉంటే సెన్సారు బాధ్యత సహజంగా తెలుగు మేడమ్ మీద పడుతుంది. ఆవిడ ఎర్ర పెన్ను తీసి ‘దాన విక్రయాది’కి దీర్ఘం, ‘పారంపర్యము’కు వత్తు సరిచూసి, విభక్తులు దిద్దేసరికే గంట కొట్టేస్తుంది. అభ్యంతరాల జోలికి వెళ్లే టైమే ఉండదు.