నీటిగుంట దగ్గర గద్దలు: అపోహలు - వాస్తవాలు

ఆఫ్రికా దక్షిణాన ఉన్న కలహారి ఎడారిలో తీసిన గద్దల ఫొటో ఎవరికి చూపించినా ముందు వచ్చే మాట "అబ్బ, ఏం పోట్లాట!" అని. చాలాసార్లు అక్కడ పోట్లాటే జరిగి ఉండదు. ఒక గద్ద దిగింది, ఇంకొకటి పక్కకు జరిగింది, అంతే. సెకనులో రెండువేలవ వంతును మాత్రమే పట్టుకున్న ఫొటో ముందూ వెనకా చెప్పదు కాబట్టి చూసేవారే కథ అల్లుకుంటారు. ఈ పక్షుల గురించి తిరిగే అపోహల్లో సగం మా ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోలే పుట్టించాయి.

నేను చెప్పేదంతా ఆ ఎడారిలోని కగలగాడి పార్కు సంగతి. దక్షిణాఫ్రికా, బోట్స్వానా తమ సరిహద్దుకు చెరోవైపు ఉన్న పార్కులను కలిపి 2000లో దీన్ని ప్రారంభించాయి. ఆవోబ్, నొసబ్ అనే రెండు ఎండిన నదుల వెంట వరసగా నీటిగుంటలు ఉంటాయి. టానీ గద్దలు, బటలూర్ గద్దలు, అప్పుడప్పుడు మార్షల్ గద్దలు వాటి దగ్గరికి వస్తాయి.

అపోహ: వేటాడే పక్షులకు మాంసంలోని తేమే చాలు, నీళ్లు తాగవు.

తిండిలోని తేమతో చాలా రోజులు నెట్టుకురాగలవన్నది నిజమే. కానీ ఎండ నలభై డిగ్రీలు దాటే చోట నీరు కనబడితే ఏ గద్దా వదులుకోదు. తాగుతుంది, తీరిగ్గా స్నానమూ చేస్తుంది. పావురం ముక్కు ముంచి తల ఎత్తకుండానే పీల్చుకుంటుంది. గద్ద ముక్కుతో కాస్త నీరు తోడుకుని, తల పైకెత్తి మింగుతుంది. తల వంచినప్పుడు తీస్తే నడినెత్తి తప్ప ఏమీ రాదు. ఎత్తుతున్నప్పుడు తీస్తే ముక్కు కొస నుంచి జారే బొట్టు, కంట్లో వెలుగు రెండూ దొరుకుతాయి.

స్నానం ఇంకా బాగుంటుంది. పొట్ట తడిసేదాకా దిగి, ఛాతీ ముంచి, రెక్కలతో నీటిని వీపు మీదికి చిమ్ముకుంటుంది. ఆ సమయంలో పాలరంగు మూడో రెప్ప కంటిని పదేపదే కప్పేస్తుంది. అందుకే బాగా వచ్చిందనుకున్న ఫొటోలో కన్ను తెల్లగా, గుడ్డిదానిలా కనిపిస్తుంది. వరసగా తీస్తూ పోవడం తప్ప దీనికి మందు లేదు.

అపోహ: తెల్లవారకముందే వెళ్లి కూర్చోవాలి.

సింహాల కోసమైతే కూర్చోండి. పెద్ద గద్దలు నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా చెట్టు మీద నుంచి కదలడానికి పెద్దగా ఇష్టపడవు. వాటి రాక ఎక్కువగా పొద్దు బాగా ఎక్కాకే. అప్పటికి వెలుగు కఠినంగా మారుతుంది. ఫొటోగ్రాఫర్లలో చాలామంది మంచి వెలుగు పోయిందని శిబిరానికి వెళ్లిపోతారు, గద్దలేమో అప్పుడే దిగుతాయి! వానలు లేని కాలపు చివరి రోజులు, అంటే అక్కడ సెప్టెంబరు, అక్టోబరు, అనువైనవి. వాన పడితే ఇసుక పల్లాల్లో ఎక్కడ పడితే అక్కడ నీరు నిలుస్తుంది. ఇక గుంటల దగ్గరికి రావాల్సిన అవసరం వాటికి ఉండదు.

అపోహ: నీటి దగ్గర గద్దల మధ్య ఎప్పుడూ యుద్ధమే.

చచ్చిన జంతువు మాంసం తరుగుతుంది, గుంటలో నీరు అలా తరిగిపోదు. అందుకే కళేబరం దగ్గర కనిపించే దౌర్జన్యం నీటి దగ్గర అంతగా కనిపించదు. ఇక్కడ నడిచేది వంతుల వ్యవహారం. ఒక టానీ గద్ద తాగుతుండగా బటలూర్ వచ్చి నాలుగడుగుల దూరంలో దిగిందనుకోండి. టానీ మెడ వెనక ఈకలు లేస్తాయి, తల కిందికి వంగుతుంది, రెక్కలు భుజాల దగ్గర కాస్త విడతాయి. బటలూర్ పక్కచూపులు చూస్తూ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. పని అయిపోయింది. ఈ మెడ ఈకల దగ్గరే మీ వేలు బటన్ మీద ఉండాలి. ఎగిరి పడే ఘట్టం ఉంటే దీని తర్వాతే వస్తుంది. చాలాసార్లు రాదు, రాకపోయినా ఆ వంగిన మెడే మంచి ఫొటో.

అసలైన గొడవ వేరే దానికోసం. నీటికి వచ్చే గువ్వలను లానర్ డేగలు గాలిలోనే పట్టుకుంటాయి. పక్క చెట్టు మీద ఏమీ పట్టనట్టు కూర్చున్న టానీ గద్ద ఆ క్షణం నుంచి డేగ వెంట పడుతుంది. ఇతరుల వేటను లాక్కోవడం దానికి అలవాటే. నిజమైన తరుముడు ఫొటో కావాలంటే గుంట మీద కాకుండా ఆ చెట్టు మీద కన్నేసి ఉంచండి.

ఇంకో రెండు భంగిమలు జనాన్ని మోసం చేస్తాయి. నోరు తెరిచిన గద్ద అరుస్తున్నట్టు అనిపిస్తుంది, వేడికి రొప్పుతుంటుంది. స్నానం ముగించి, రెక్కలు రెండూ పూర్తిగా చాచి నిలబడ్డ బటలూర్ బెదిరిస్తున్నట్టు అనిపిస్తుంది, ఎండకు ఆరబెట్టుకుంటుంది. వీటికి "యుద్ధభేరి" అని పేరు పెట్టి ప్రదర్శనకు పంపేవారంటే నాకు చిరాకు. పక్షి చేయని పనిని దానికి అంటగట్టడం ఎందుకు?

అపోహ: ఎర్ర ముఖం ఉన్నది మగది, గోధుమ రంగుది వేరే జాతి.

బటలూర్ పెద్దయ్యాక ఆడ, మగ రెండిటికీ ముఖం ఎరుపే. కూర్చున్నప్పుడు మడిచిన రెక్క చూడండి: నల్లని కొసలకు పైన బూడిదరంగు పట్టీ ఉంటే ఆడది, అంతా నలుపైతే మగది. గోధుమ రంగులో, నీలిఆకుపచ్చ ముఖంతో ఉన్నది పిల్ల. పెద్దల రంగులు రావడానికి దానికి ఆరేడేళ్లు పడుతుంది.

అపోహ: ఎంత పెద్ద లెన్సు ఉంటే అంత మంచి ఫొటో.

మధ్యాహ్నం ఇసుక మీద గాలి మరిగే నీటిలా కదులుతుంది. ఆ పొర గుండా ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా ఈకలు మెత్తగా, అలుక్కుపోయినట్టు వస్తాయి. ఫోకస్ తప్పిందని కెమెరాను తిట్టుకుంటారు. దీనికి సాఫ్ట్‌వేర్‌లో కూడా వైద్యం లేదు, దూరం తగ్గించడమొక్కటే దారి. అందుకే రోడ్డుకు దగ్గరగా ఉన్న గుంటను ఎంచుకోవాలి. నొసబ్ శిబిరానికి ఉత్తరాన ఉన్న క్యూబిట్జీ క్వాప్ అలాంటిది.

ఇంజిను ఆపేసి, కిటికీ అంచు మీద గింజల సంచి వేసి, లెన్సు దాని మీద ఆనించండి. రెక్కలు స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 2500వ వంతు, నీటి చుక్కలు గాలిలో ఆగినట్టు రావాలంటే ఇంకా వేగం. ఇసుక మెరుపుకు కెమెరా మోసపోయి నల్ల బటలూర్‌ను బొగ్గుముద్ద చేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుగు కావాలో, చేత్తో పెట్టుకోవడం మేలు. గాలి ఎటు వీస్తోందో తప్పక చూసుకోండి. అది మీ వెనక నుంచి నీటివైపు వీస్తుంటే, ఎదురుగాలికి దిగే గద్ద మీకేసి ముఖం పెట్టి వస్తుంది. గాలి తిరగబడితే తోకలే మిగులుతాయి.

అపోహ: ఇవి ప్రకృతి ఇచ్చిన గుంటలు.

చాలావరకు బోరు నీళ్లే. 1914లో, పొరుగున జర్మనీ చేతిలో ఉన్న నేటి నమీబియా మీదికి సైన్యాన్ని నడపడానికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆవోబ్ వెంట బోర్లు తవ్వించింది. దక్షిణాఫ్రికా వైపు పార్కు వచ్చింది 1931లో. పదమూడో బోరు, పద్నాలుగో బోరు అనే పేర్లు ఇప్పటికీ పటంలో ఉన్నాయి. సిమెంటు తొట్టి అంచు ఫొటోలో పడితే కత్తిరించడం మీ ఇష్టం, చెరిపేసి "అనాది ఎడారి" అని రాయడం మాత్రం మోసం.

అపోహ: కాస్త వాహనం దిగి తీస్తే ఏమవుతుంది?

దిగకూడదు. డ్రోనుకూ అనుమతి లేదు. ఆ పొదలో సింహం ఉండొచ్చు.

అపోహ: ఇదంతా ఆఫ్రికా వెళ్లగలిగిన వారికే.

టానీ గద్ద మన దేశపు పొడి మైదానాల్లోనూ ఉంది, జాతి అదే. చలికాలంలో బికనీర్ పక్కన జోర్‌బీడ్‌కు వెళితే మధ్య ఆసియా నుంచి వచ్చిన స్టెప్పీ గద్దలు కూడా పెద్ద సంఖ్యలో కనిపిస్తాయి. పశువుల కళేబరాలు వేసే చోటు కాబట్టి వాసన భరించాలి. అక్కడి పోటీ మాంసం కోసం, కనుక నీటిగుంట కన్నా గొడవ ఎక్కువ. మెడ ఈకలు, వంగిన తల, విడిన భుజాలు చదవడం అక్కడే బాగా అలవాటవుతుంది. వీధికుక్కల గుంపులు తిరుగుతుంటాయి, వాహనం దగ్గరే ఉండండి.