సరిహద్దు మేడ మీద సిగ్నల్, బ్రెగ్జిట్ తర్వాత రోమింగ్ లెక్క

మాది పర్లాకిమిడి, ఒడిశా. పక్కనే పాతపట్నం, ఆటో ఎక్కితే కాసేపట్లో ఆంధ్రలో ఉంటాం. 2012 ప్రాంతంలో మా మేడ ఎక్కితే చాలు ఫోన్ ఆంధ్ర టవర్ పట్టేసేది, సిగ్నల్ గీతల పక్కన చిన్న ఆర్ అక్షరం వచ్చేది, అంటే రోమింగ్, మన నెట్‌వర్క్ దాటి వేరే చోటి టవర్ మీద ఉన్నామని. ఇక పాతపట్నం నుంచి అత్త చేసిన కాల్ ఎత్తినా బ్యాలెన్స్ కట్ అయ్యేది. అమ్మేమో "కిందకి దిగి మాట్లాడాలి వదినతో" అని తనకి తానే గుర్తుచేసుకుంటూ మెట్లు దిగేది. 2016లో జియో రోమింగ్ ఛార్జీ లేకుండా వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి ఎయిర్‌టెల్ కూడా తీసేసింది, అప్పటికి గానీ మా ప్రాణం కుదుటపడలేదు.

బ్రిటన్‌లో దీనికి రివర్స్‌లో జరిగింది. యూరోపియన్ యూనియన్‌లో రోమింగ్ ఛార్జీలు పోయింది 2017 జూన్ 15న, కానీ బయటికి పోతామని బ్రిటన్ జనం ఓటేసింది అంతకు ఏడాది ముందే, 2016 జూన్ 23న, అదే బ్రెగ్జిట్. 2020 చివరికి ఆ నియమాలు వాళ్ళకి వర్తించడం ఆగిపోయింది. అసలు దెబ్బ ఎక్కడంటే కంపెనీకీ కంపెనీకీ మధ్య లెక్కలో. బ్రిటన్ కస్టమర్ స్పెయిన్‌లో నెట్ వాడితే అక్కడి కంపెనీకి బ్రిటన్ కంపెనీ డబ్బు కట్టాలి, దానికి యూనియన్ ఒక గరిష్ఠ రేటు పెట్టింది, 2017లో జీబీకి 7.7 యూరోలు, ఏటా తగ్గుతూ 2022కి 2.5. బయటికొచ్చాక బ్రిటన్ కంపెనీలకి ఆ రక్షణ లేదు, బేరమాడి ఒప్పందం చేసుకోవాల్సిందే. 2022లో వొడాఫోన్, ఈఈ లాంటి ఫోన్ కంపెనీలు కొత్త ప్లాన్లకి యూరప్‌లో రోమింగ్‌కి రోజుకి 2 పౌండ్ల దాకా పెట్టాయి, ఓ2 అనే కంపెనీ మాత్రం పెట్టలేదు.

డాట్ ఈయూతో ముగిసే వెబ్‌సైట్ పేర్లు కూడా పోయాయి, బ్రిటన్ అడ్రస్‌తో ఉన్నవి దాదాపు 80 వేలు 2021 జనవరిలో ఆపేశారు. నెట్‌లో పరికరాలని గుర్తుపట్టే నంబర్లు, ఐపీ అడ్రస్‌లకి మాత్రం ఏం కాలేదు, వాటిని పంచే ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ రైప్‌లో సభ్యత్వానికి యూనియన్‌తో పన్లేదు.

నాకు బాధనిపించేది డెర్రీ లాంటి ఊళ్ళ గురించి. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో ఇంట్లో కూర్చున్నా ఫోన్ సరిహద్దు అవతల, యూనియన్‌లో ఉన్న ఐర్లండ్ దేశం టవర్ పట్టేస్తుంది, అచ్చం మా మేడలాగే. పొరపాటున రోమింగ్‌లో పడకుండా చూడాలని, పడితే కస్టమర్‌కి చెప్పాలని 2024 అక్టోబర్ నుంచి బ్రిటన్ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమాలున్నాయి. పెద్ద కంపెనీలు ఐర్లండ్‌ని రోజువారీ ఛార్జి నుంచి వదిలేశాయి కూడా, మంచిదే, కానీ అది వాళ్ళు తమంతట తాము ఇచ్చింది, రేపు తీసేస్తామంటే పాత యూరప్ చట్టం అడ్డుపడదు.