న్యూట్రాన్లు లేని ఫ్యూజన్‌లో అయాన్ల వేడి కొలిచేదెలా? అపోహలు - వాస్తవాలు

మొన్న గచ్చిబౌలిలో చాయ్ బండి దగ్గర ఒక బీటెక్ కుర్రాడు అడిగాడు: "సార్, ఫ్యూజన్‌లో కోట్ల డిగ్రీలంటారు కదా, థర్మామీటర్ కరిగిపోదా?" పెడితే కదా కరగడానికి! ఫ్యూజన్ అంటే తేలికైన కేంద్రకాలు కలిసి శక్తినిచ్చే చర్య. ఆ వేడికి ఇంధనం ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులుగా) విడిపోతుంది, అదే ప్లాస్మా. ప్లాస్మా వెలుగును స్పెక్ట్రోమీటర్‌లోకి (వెలుగును రంగులుగా విడదీసే పరికరంలోకి) పంపి, అందులో కనిపించే గీతల్ని బట్టి వేడి లెక్కకట్టడం నా పని.

అపోహ: న్యూట్రాన్లు రాకపోతే అయాన్ల ఉష్ణోగ్రత తెలియదు.

వాస్తవం: డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ప్లాస్మాలో న్యూట్రాన్లు 2.45 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తికి అటూ ఇటూగా వస్తాయి. అయాన్లు వేడెక్కేకొద్దీ ఆ చెదురు పెరుగుతుంది కాబట్టి దాన్నుంచి ఉష్ణోగ్రత తీయొచ్చు. ప్రోటాన్-బోరాన్ ఇంధనంలో (హైడ్రోజన్ కేంద్రకాలు, బోరాన్ కలిపినది) న్యూట్రాన్లు దాదాపు రావు కాబట్టి ఆ సౌకర్యం లేదు. అప్పుడు వెలుగే దిక్కు. ఎంఎంటీఎస్ రైలు దగ్గరికొస్తుంటే హారన్ సన్నగా, దాటిపోతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే డాప్లర్. మనవైపు వచ్చే అయాన్ల వెలుగు కాస్త నీలం వైపు, దూరం పోయేవాటిది ఎరుపు వైపు జరుగుతుంది. అన్నీ కలిసి సన్నటి గీత లావవుతుంది. ఉదాహరణకు 1 కేఈవీ (వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టుల) దగ్గర, అంటే సుమారు 1.16 కోట్ల డిగ్రీల్లో, కార్బన్ అయాన్ల 529.1 నానోమీటర్ల గీత 0.37 నానోమీటర్ల వెడల్పుంటుంది. వెడల్పు రెట్టింపైతే ఉష్ణోగ్రత నాలుగు రెట్లన్నమాట.

ఇందులో ఒక చిక్కుంది. అంత వేడిలో బోరాన్ తన 5 ఎలక్ట్రాన్లనూ పోగొట్టుకుంటుంది. ఒట్టి కేంద్రకం గీతలివ్వదు. అందుకే హైడ్రోజన్ పరమాణువుల పుంజాన్ని లోపలికి కొడతాం. బోరాన్ దాన్నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుని, క్షణంలో వెయ్యోవంతు కూడా పట్టకుండా 494.5 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. పుంజం మన చూపుకు అడ్డొచ్చిన చోటే ఆ మెరుపు వస్తుంది కాబట్టి ఏ చోటి వేడో కూడా తెలుస్తుంది. దీన్ని ఛార్జ్ ఎక్స్ఛేంజ్ పద్ధతి అంటాం.

అపోహ: గీత వెడల్పే ఉష్ణోగ్రత.

వాస్తవం: ఇందులో నేనే బోర్లాపడ్డాను. ఒక సాయంత్రం లెక్క వేస్తే అనుకున్నదానికి రెట్టింపు వచ్చింది. రాత్రంతా సంబరం. పొద్దున్నే నియాన్ దీపం వెలిగించి చూస్తే, వెంట్రుకంత ఉండాల్సిన దాని గీత కూడా లావుగానే ఉంది. అలైన్‌మెంట్ కోసం తెరిచిన స్లిట్‌ను (వెలుగు లోపలికొచ్చే సన్నటి చీలికను) మళ్లీ మూయడం మరిచిపోయాను. గీత వెడల్పు వర్గంలోంచి స్లిట్ వల్ల వచ్చిన వెడల్పు వర్గాన్ని తీసివేస్తే, నా "రికార్డు"లో సగం స్లిట్‌దే! అయస్కాంత క్షేత్రం కూడా గీతను చీల్చి లావు చేస్తుంది, అదీ తీసేయాలి.

అపోహ: ప్రోటాన్-బోరాన్ చర్యలో పుట్టే ఆల్ఫా కణాలు (హీలియం కేంద్రకాలు) కనిపిస్తే ప్లాస్మా అంత వేడెక్కినట్టే.

వాస్తవం: నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. జపాన్‌లోని ఎల్‌హెచ్‌డీ అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రంలో ప్రోటాన్-బోరాన్ ఫ్యూజన్ ఆల్ఫాలను చూసినట్టు 2023లో ప్రకటించారు. నిజమే, కానీ ఆ చర్య బోరాన్ పొడి చల్లిన ప్లాస్మాలోకి కొట్టిన వేగమైన పుంజం వల్ల జరిగింది, ప్లాస్మా సొంత వేడితో కాదు. పైగా ఒక్కో చర్యలో మూడేసి ఆల్ఫాలు శక్తిని పంచుకుంటాయి కాబట్టి, చల్లటి ఇంధనంలోనూ వాటి శక్తి చెదిరే ఉంటుంది. ఇలాంటి పొరపాటు ముందూ జరిగింది: 1958లో బ్రిటన్‌లో జీటా అనే ఫ్యూజన్ యంత్రంలో న్యూట్రాన్లను చూసి వేడి వల్లేనని ప్రకటించి, కొన్ని నెలలకే వెనక్కి తీసుకున్నారు.

అపోహ: ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత కొలిస్తే చాలు.

వాస్తవం: చాలదు. లేజర్ వెలుగు ప్లాస్మాలో చెదిరే తీరును బట్టి మామూలుగా కొలిచేది ఎలక్ట్రాన్ల వేడినే. బోరాన్ ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు ఎక్స్-రేలుగా శక్తిని పారబోస్తాయి కాబట్టి, అయాన్లు వాటికంటే వేడిగా ఉండాలనే కోరుకుంటాం.

అపోహ: న్యూట్రాన్లు అస్సలు రావు.

వాస్తవం: కొద్దిగా వస్తాయి, ఆల్ఫా వెళ్లి ఇంకో బోరాన్‌ను ఢీకొట్టినప్పుడు. వాటితో ఉష్ణోగ్రత లెక్కకట్టబోతే, తేలేది ఆల్ఫా వేగమే.