కయాక్‌ను హ్యాండిల్స్‌కు వేలాడదీస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం వచ్చిందంటే కయాక్‌ల (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల) గురించి నాకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, కయాక్‌కు రెండు చివర్లా హ్యాండిల్స్ ఉన్నయి కదా, వాటికే తాళ్లు కట్టి పైన వేలాడదీస్తే అయిపాయె. పట్టీలు, బోల్టులు ఇవన్నీ ఎందుకు?" హన్మకొండలో నాది ఫ్యాబ్రికేషన్ పని. ఇంట్లో చోటు లేనివాళ్లకు కయాక్‌లు పైన పెట్టుకునే ఏర్పాటు చేసి ఇస్తుంటాను. వంగిపోయిందని నా దగ్గరికి తెచ్చే పడవల్లో చాలావాటికి కారణం ఆ రెండు తాళ్లే.

అపోహ: హ్యాండిల్స్ ఉన్నదే బరువు ఆపడానికి.

వాస్తవం: అవి ఇద్దరు మనుషులు పట్టుకుని బండి దగ్గర్నుంచి చెరువు గట్టు దాకా మోయడానికి. అది ఐదు నిమిషాల పని. నెలల తరబడి వేలాడటం వేరు. మన దగ్గర ఎక్కువమంది కొనే ప్లాస్టిక్ కయాక్, మేడ మీది నీళ్ల ట్యాంకులాగే పాలిథిలిన్‌ను అచ్చులో తిప్పుతూ చేసేది. ట్యాంకును రెండు ఇటుకల మీద పెట్టి నీళ్లు నింపుతామా? అడుగంతా ఆనేలా దిమ్మె కడతాం. పదడుగుల కయాక్ 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. చివర్లు మాత్రమే పట్టి ఉంచితే నడుము రోజుకింత కిందికి దిగుతుంది. మే నెలలో రామగుండం, వరంగల్‌లో బయటే 44, 45 డిగ్రీలు, రేకుల కింద ఇంకా ఎక్కువ. ఆ వేడికి ప్లాస్టిక్ కరగదు గానీ మెత్తబడుతుంది. ఏ వంపులో మెత్తబడితే ఆ వంపే దానికి నిలిచిపోతుంది.

నా మొదటి కయాక్ అట్లాగే పాడైంది. ములుగు దగ్గర మా మేనమామ ఇంటి రేకుల షెడ్డులో ఫిబ్రవరిలో వేలాడదీసి వచ్చాను. వానలు పడి చెరువు నిండాక దించి నీళ్లలో వేస్తే, ఎటు తెడ్డు వేసినా గిర్రున తిరుగుతుంది తప్ప నేరుగా పోదు. గట్టు మీద బోర్లించి ఈ చివర నుంచి ఆ చివరకు దారం పట్టి చూస్తే అడుగు విల్లులా వంగి ఉంది. "ఏమో అల్లుడూ, పాతదైందేమో" అన్నాడు మామ. కొని ఏడాది కూడా కాలేదు. ఆ బాధ ఇంకొకరు పడొద్దనే ఇంతగా చెబుతున్నాను.

రెండించుల వెడల్పు నైలాన్ నవారుతో రెండు ఉయ్యాల పట్టీలు చాలు. ఒక్కో చివర నుంచి పొడవులో నాలుగో వంతు దూరంలో ఒక్కో పట్టీ రావాలి. అంటే పదడుగుల పడవకు ఇటు రెండున్నర, అటు రెండున్నర అడుగుల దగ్గర. పడవను బోర్లించండి, లేదా పక్కకు ఒరగబెట్టండి. అడుగు భాగం కన్నా పక్కలే గట్టిగా ఉంటాయి. సన్న తాడు మాత్రం వాడొద్దు, ప్లాస్టిక్‌లోకి దిగబడి గాడి పడుతుంది.

అపోహ: ఫ్యాను కొక్కెం ఉంది కదా, దానికే తగిలిద్దాం.

వాస్తవం: వద్దు. ఫ్యాను బరువు వేరు, పడవను ఎత్తి దించేటప్పుడు పడే ఝట్కా వేరు. ఫాల్స్ సీలింగ్ అయితే ఆ మాటే ఎత్తొద్దు. స్లాబులోకే యాంకర్ బోల్టులు దింపాలి. డ్రిల్ పెట్టే ముందు లోపల కరెంటు పైపులు ఎటు పోతున్నాయో కనుక్కోవాలి. కింద పిల్లలు పడుకునే చోట ఎంత గట్టిగా బిగించినా పెట్టను, ఎవరు అడిగినా పెట్టను.

అపోహ: టార్పాలిన్ చుట్టేస్తే భద్రం.

వాస్తవం: గట్టిగా చుడితే లోపల తడి, వేడి నిలిచిపోతాయి. కడిగి, ఆరబెట్టి, నీడలో పెట్టండి, అంతే.

అపోహ: వంగితే ఇక పారేయాల్సిందే.

వాస్తవం: టెన్షన్ పడకండి. పోయిన ఎండాకాలం పరకాల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, గొంతులో ఏడుపే తక్కువ. నాన్నకు చెప్పకుండా కొన్నాడట. పడవను ఎండలో బోర్లించి, రెండు చివర్ల కింద పాత పరుపు ముక్కలు పెట్టమన్నాను. ముందు ఏ బరువు నడుమును వంచిందో, బోర్లిస్తే ఆ బరువే దాన్ని వెనక్కి నెడుతుంది. అతిగా పోకుండా గంటకోసారి దారం పట్టి చూడమన్నాను. మూడో రోజుకు చాలావరకు సరిగ్గా వచ్చింది. ముడత పడి ఉంటే అంత బాగా వచ్చేది కాదు. మొన్న వాళ్లింటికి పోయి పట్టీలు బిగించి వచ్చాను. స్టూలు పట్టుకుని నిలబడ్డది వాళ్ల నాన్నే.