తీర్పు, నరకం: తరగతిలో ఏటా ఎదురయ్యే అపోహలు

నేను బైబిలు బోధకుణ్ణి. నరకం పాఠం మొదలుపెట్టే రోజు విద్యార్థులకు ఎర్ర పెన్సిళ్లు పంచుతాను. కొత్త నిబంధన గ్రీకు మూలంలో ‘గెహెన్నా’ (మన బైబిల్లో ‘నరకం’) అనే మాట ఉన్న వచనాలు ఒక్కొక్కటే చెబుతాను, వాళ్లు గీతలు గీస్తారు. మొత్తం 12. అందులో 11 యేసు నోటి మాటలే. మిగిలిన ఒక్కటి యాకోబు పత్రికలో, నాలుక చేసే చేటు గురించి. తీర్పు గురించి ఎంతో రాసిన పౌలు ఈ మాట ఒక్కసారీ వాడలేదు.

అపోహ: నరకానికి సాతాను రాజు.

వాడు అక్కడ శిక్ష పడినవాడు. ఆ అగ్ని అపవాదికి, అంటే సాతానుకే, వాడి దూతలకు సిద్ధమైనదని మత్తయి 25:41 చెబుతుంది. ప్రకటన గ్రంథం 20:10లో వాణ్ణే అందులో పడవేస్తారు. మన భాషలో నరకం అనగానే యముడు, చిత్రగుప్తుడు కళ్లముందు నిలుస్తారు. ఆ కొలువు ఖాళీగా ఉంచలేక సాతానును కూర్చోబెట్టామేమోనని నా అనుమానం.

అపోహ: పాతాళం, నరకం, అగ్నిగుండం అన్నీ ఒకటే.

హీబ్రూలో షియోల్, గ్రీకులో హేడీస్ అంటే చనిపోయినవారు ఉండే చోటు. యోసేపు చనిపోయాడనుకున్న అతని తండ్రి యాకోబు తానూ ఏడుస్తూ అక్కడికే, కొడుకు దగ్గరికే పోతానన్నాడు. ప్రకటన 20:14లో ఆ మృతుల లోకాన్నే తీసుకెళ్లి అగ్నిగుండంలో వేస్తారు. రెండూ ఒకటైతే దేన్ని దేనిలో వేసినట్టు?

అపోహ: గెహెన్నా అంటే యెరూషలేము ఊరి చెత్త తగలబెట్టే చోటు.

ఇది నేనూ ఏళ్ల తరబడి ప్రసంగాల్లో చెప్పాను, సిగ్గుపడుతున్నాను. ఈ చెత్త కథ మనకు కనిపించేది సుమారు 1200 నాటి యూదు వ్యాఖ్యాత దావీదు కిమ్హీ రాతల్లో. యేసు కాలపు ఆధారం లేదు. నిజానికి గెహెన్నా అనే పేరుకు మూలమైన, యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ చరిత్ర చెత్తకంటే ఘోరమైనది. ఆహాజు, మనష్షే రాజులు తమ కుమారులను అక్కడ అగ్నికి ఆహుతి చేశారు. తర్వాతి రాజు యోషీయా ఆ స్థలాన్ని అపవిత్రం చేసి ఆ ఆచారాన్ని ఆపాడు. దానికి ‘వధ లోయ’ అనే పేరు వస్తుందని ప్రవక్త యిర్మీయా ప్రకటించాడు. యేసు శ్రోతలకు ఆ పేరు వినగానే గుర్తొచ్చేది బలైన పిల్లలు.

అపోహ: పుణ్యం ఒక తట్టలో, పాపం ఒక తట్టలో వేసి తూస్తారు.

ప్రకటన 20లో తక్కెడ లేదు, గ్రంథాలు ఉన్నాయి. క్రియలు రాసినవి కొన్ని, జీవం పొందేవారి పేర్లున్న జీవగ్రంథం వేరే. మత్తయి 25లోనైతే తీర్పు తీర్చే రాజుకు కుడివైపువారూ ఎడమవైపువారూ ‘ప్రభువా, నిన్ను ఆకలితో ఎప్పుడు చూశాం?’ అనే అడుగుతారు. లెక్కలు రాసుకుని వచ్చినవారు ఇద్దరిలోనూ లేరు.

పరలోక గుమ్మం దగ్గర తాళాలతో నిలబడే పేతురు ఛలోక్తుల్లోనే ఉన్నాడు. ప్రకటన 21లో గుమ్మాలు 12, వాటి దగ్గర దేవదూతలు.

అపోహ: ఈ హెచ్చరికలు ‘బయటివాళ్ల’ కోసం.

ఎర్ర గీతల పక్కన యేసు ఆ మాట ఎవరితో అన్నాడో రాయమంటాను. ఎక్కువచోట్ల ‘శిష్యులు’ అని పడుతుంది. మత్తయి 23లో ఆనాటి మతపెద్దలైన శాస్త్రులు, పరిసయ్యులు. వేశ్యలతోనో పన్నులు వసూలు చేసే సుంకరులతోనో ఆ మాట అన్నట్టు ఒక్కచోటా లేదు. తరగతి నిశ్శబ్దమయ్యేది అప్పుడే.

సమాధి కార్యక్రమాల్లో ‘మా నాన్న ఎక్కడికి వెళ్లాడు?’ అని అడుగుతారు. కాలం రాకముందే తీర్పు తీర్చవద్దనే 1 కొరింథీ 4:5 చదివి, వాళ్ల పక్కన కూర్చుంటాను.