పైలట్ అడిగితేనే ఇచ్చే అనుమతి

మబ్బులోంచి విమానం బయటపడింది. కింద నది, దాని పక్కనే హైవే, కాస్త ముందు నీళ్ల ట్యాంకు. పైలట్‌కు బాగా తెలిసిన ఊరే. కానీ మంచుతెర వల్ల రెండు మైళ్లకు మించి చూపు ఆనడం లేదు, రన్‌వే ఇంకా కనబడలేదు. పరికరాల సాయంతో దిగే పూర్తి పద్ధతి పాటించాలంటే ఊరు దాటి వెళ్లి, మళ్లీ మబ్బులో దూరి, వెనక్కి తిరిగి రావాలి. చలికాలంలో ఆ మబ్బులో రెక్కలకు మంచు పట్టవచ్చు.

ఇలాంటప్పుడు అమెరికాలో పైలట్లు ‘కాంటాక్ట్ అప్రోచ్’ అడుగుతారు. తెలిసిన గుర్తులు చూసుకుంటూ నేరుగా విమానాశ్రయానికి వెళ్లడమన్నమాట. కంటితో చూస్తూ దిగే మరో పద్ధతి ‘విజువల్ అప్రోచ్’ వేరు. దానికి మబ్బులు కనీసం 1,000 అడుగుల ఎత్తున ఉండాలి, 3 మైళ్ల చూపు ఉండాలి. పైగా విమానాశ్రయమో, ముందు వెళ్తున్న విమానమో కంటికి కనిపించాలి. కాంటాక్ట్ అప్రోచ్‌కి రన్‌వే కనబడకపోయినా ఫర్వాలేదు. మబ్బు తగలకుండా, కనీసం 1 మైలు చూపుతో చివరిదాకా వెళ్లగలనన్న నమ్మకం పైలట్‌కు ఉండాలి. విమానాశ్రయంలో నమోదైన విజిబిలిటీ కూడా మైలుకు తగ్గకూడదు.

విజువల్ అప్రోచ్‌ని, కింద నుంచి విమానాల రాకపోకలు నడిపించే కంట్రోలర్ తనంతట తానే ఇవ్వచ్చు. కాంటాక్ట్ అప్రోచ్‌ని మాత్రం పైలట్ నోరు తెరిచి అడగాల్సిందే. నాకు ఈ నియమం ఎంతో వివేకవంతంగా అనిపిస్తుంది. రాడార్ తెర మీద విమానం ఎక్కడుందో తెలుస్తుంది గానీ, అందులో కూర్చున్న మనిషి కళ్లకు ఏం ఆనుతోందో తెలియదు కదా!

అనుమతి వచ్చాక కూడా పరికరాల ఆధారంగా ఎగిరే నియమాలు పాటిస్తున్న ఇతర విమానాలకు తగినంత దూరం ఉండేలా చూసే బాధ్యత కంట్రోలర్‌దే. కొండలు, టవర్లు, కరెంటు తీగలు మాత్రం ఇక పైలట్ చూసుకోవాలి. 90 నాట్ల వేగంతో పోయే చిన్న విమానం మైలు దూరాన్ని సుమారు 35 సెకన్లలో దాటేస్తుంది. మసకలో టవర్ కనిపించాక తప్పుకోవడానికి ఉన్న టైమ్ అంతే. అందుకే రాత్రిపూట గానీ, కొత్త ఊళ్లో గానీ దీన్ని అడగకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

దారిలో చూపు తగ్గితే మొండిగా ముందుకు పోకూడదు, వెంటనే కంట్రోలర్‌కు చెప్పాలి. వాతావరణం అనుమానంగా ఉంటే కంట్రోలర్ ఆ అనుమతితో పాటే ఇంకో దారి కూడా ఇచ్చి ఉంచుతాడు: కుదరకపోతే ఫలానా విధంగా వెళ్లండి, మాకు తెలియజేయండి అని.