“నీ దేవుడు ఏమాయెను?” అని అడిగేవాళ్ల మధ్య

ఉద్దానం,
శ్రీకాకుళం జిల్లా.

ప్రభువునందు ప్రియమైన పిల్లలకు,

నానమ్మ ఆశీస్సులు. విజయనగరం నుంచి మీరు ముగ్గురూ తలా ఒక పేరా రాసి పంపిన ఉత్తరం అందింది. అమ్మకు చదివి వినిపించాను. నాన్నకు మాత్రం సగమే చదివాను. మిగతా సగం ఎందుకు చదవలేదో మీకు తెలుసు.

అన్నం ముందు మీరు కళ్లు మూసుకుంటే పక్క బల్ల దగ్గర పిల్లలు “కళ్లు మూస్తే పప్పు చిక్కబడుతుందా?” అని నవ్వుతున్నారట. ఆ మాట అన్నవాడికి చమత్కారం ఉంది, ఒప్పుకోవాలి. హాస్టలు పప్పు సంగతి తెలియని దాన్ని కాదు నేను. కాని రెండో మాట చమత్కారం కాదు. “తిత్లీ తుపానుకు మీ తోట పడిపోతుంటే మీ దేవుడు ఎక్కడ పడుకున్నాడు? మీ నాన్న కిడ్నీలు ఎందుకు బాగుచేయడు?” అన్నారని రాశారు. అలాంటి మాట జీడిసొన లాంటిది. అంటినప్పుడు ఏమీ అనిపించదు, తరువాత పొక్కుతుంది. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టి వచ్చిన మీ అమ్మ చేతులు చూసిన మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

వాళ్ల నోరు మూయించే వచనం ఒకటి వెతికి పంపమన్నారు. అలాంటి వచనం నా దగ్గర లేదు. ఇన్నేళ్లుగా చదువుతున్నాను, ఎక్కడా కనబడలేదు. అయితే మిమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం మాటకు మాట ఆ గ్రంథంలోనే ఉంది. అది చూపిస్తాను, బైబిలు తెచ్చుకుని కూర్చోండి.

42వ కీర్తన తీయండి. పైన కోరహు కుమారుల పేరు ఉంటుంది. వాళ్లు దేవాలయంలో పాటలు పాడే వంశంవాళ్లు. ఈ కీర్తన పాడుతున్న మనిషి ఇప్పుడు దేవాలయానికి చాలా దూరంలో, యొర్దాను ప్రదేశంలో, హెర్మోను కొండల దగ్గర ఉన్నాడు. పండుగనాడు జనంతో కలిసి పాటలు పాడుకుంటూ మందిరానికి నడిచిన రోజులు తలచుకుంటున్నాడు. ఎందుకు అంత దూరం వెళ్లాల్సి వచ్చిందో చెప్పడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటున్నారో మాత్రం చెప్పాడు: “నీ దేవుడు ఏమాయెనని వారు నిత్యము నాతో అనుచుండగా రాత్రింబగళ్లు నా కన్నీళ్లు నాకు అన్నపానములాయెను.”

చూశారా? మీ హాస్టలు భోజనాల గదిలో వినబడిన మాటే. దేవాలయంలో పాడటానికి పుట్టిన మనిషినే ఆ మాట అడిగారు, అతనికీ ఏడుపు వచ్చింది. ఏడ్చినందుకు అతన్ని ఎవరూ కీర్తనల గ్రంథంలోంచి తీసేయలేదు.

ఇప్పుడు అతను వాళ్లకు ఏం జవాబు చెప్పాడో వెతకండి. చివరిదాకా చదివినా దొరకదు. అడిగినవాళ్ల వైపు తిరిగి ఒక్క మాట కూడా అనలేదు. తన వైపే తిరిగాడు: “నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?” దేవునియందు నిరీక్షణ ఉంచమని తనకు తానే చెప్పుకున్నాడు. ఇది 5వ వచనం. మరి వెంటనే ధైర్యం వచ్చేసిందా? 6వ వచనం చదవండి. నా ప్రాణం ఇంకా క్రుంగే ఉందని దేవుడితోనే చెబుతున్నాడు. 10వ వచనానికి వచ్చేసరికి శత్రువులు అదే ప్రశ్న మళ్లీ అడుగుతున్నారు, ఈసారి ఎముకలు విరిచినట్టుంది అంటాడు. 11వ వచనంలో తనకు తాను ఆ మాటే మళ్లీ చెప్పుకున్నాడు. 43వ కీర్తన చివర మూడోసారి. ఈ రెండు కీర్తనలూ మొదట ఒకే పాట అని చాలామంది పండితుల అభిప్రాయం. కాబట్టి ఒకే పాటలో మూడుసార్లు తనను తాను ఓదార్చుకోవాల్సి వచ్చిందన్నమాట. ఒక్కసారి వచనం చదివి, లోపల ఏమీ మారలేదని మీరు బెంగపడితే ఈ మనిషిని గుర్తు చేసుకోండి.

వచనాలను క్యాలెండరు మీద చదివే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. దాని మీద నాకు కొంచెం కోపం. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అని పెద్ద అక్షరాలు, కింద పచ్చిక, తెల్లని గొర్రెపిల్ల. అదే 23వ కీర్తనలో గాఢాంధకారపు లోయ కూడా ఉంది, దాన్ని ఎవరూ బొమ్మ వేయరు. ఆ తరువాతి వచనం ఇంకా ముఖ్యం, ముఖ్యంగా మీకు: “నా శత్రువుల యెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు.” శత్రువులను గదిలోంచి పంపేసి భోజనం పెడతానని అక్కడ లేదు. వాళ్లు చూస్తూనే ఉంటారు, బహుశా నవ్వుతూనే ఉంటారు, ఇతను కూర్చుని తింటాడు. రేపు మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు ఈ ఒక్క మాట తలచుకోండి, చాలు. పెదవులు కదిలేంత గట్టిగా ప్రార్థన చేయాల్సిన అవసరం కూడా లేదు. దేవుడికి వినబడుతుంది.

నాన్న విషయానికి వస్తాను. మీరు అడగలేదు గాని, అడగాలనుకుని చెరిపేసిన గుర్తులు కాగితం మీద ఉన్నాయి. “మనం ఏదైనా పాపం చేశామా?” అని కదా రాయబోయారు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పాపం చేసినవాళ్ల చెట్టు, చేయనివాళ్ల చెట్టు అని చూడలేదు. ఉద్దానమంతటా కొబ్బరి, జీడి తోటలు ఒరిగిపోయాయి. గుడికి వెళ్లేవాళ్లవి, చర్చికి వెళ్లేవాళ్లవి, ఎక్కడికీ వెళ్లనివాళ్లవి. ఈ కిడ్నీ జబ్బు కూడా అంతే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా ఇదే బాధ. కచ్చితమైన కారణం ఏమిటో శాస్త్రవేత్తలు ఇంతవరకు తేల్చలేకపోయారు. వాళ్లే తేల్చలేని దానికి మనవాళ్లలో కొందరు పెద్దమనుషులు మంచం పక్కన కూర్చుని కారణం చెప్పేస్తారు, “ఏదో దోషం ఉంటుంది” అని. బయటివాళ్ల ఎగతాళి కంటే ఈ పరామర్శ ఎక్కువ గుచ్చుతుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులే ఈ ప్రశ్న వేశారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీణ్ణి కన్నవాళ్లా అని అడిగారు. ప్రభువు చెప్పింది ఇది: “వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు.” ఇంకెవరు వచ్చి ఏమన్నా నేను ఈ వచనం చదివి కాఫీ ఇచ్చి పంపుతున్నాను.

నాన్నకు డయాలసిస్ పెట్టిన రోజుల్లో నేను తోడు వెళతాను. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఒకరోజు ఏదైనా చదవమ్మా అన్నాడు. సంతోషంగా ఉన్న కీర్తన వెతకబోయాను. వద్దు, 88 చదువు అన్నాడు. కీర్తనలు 150లో అంత చీకటి కీర్తన ఇంకొకటి లేదనుకుంటాను. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటికి చివర ఎక్కడో ఒక వెలుగు తిరుగుతుంది. దీనికి అదీ లేదు. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అని ముగిసిపోతుంది. చదివి ఊరుకున్నాను. “మళ్లీ చదువు” అన్నాడు. రెండోసారి విని, “ఈయనకు తెలుసు” అన్నాడు. ఆ తరువాత కొంచెంసేపు నిద్రపోయాడు.

అప్పటినుంచి నేను ఒక సంగతి ఆలోచిస్తున్నాను. అంత చేదు ప్రార్థనను కూడా ఎవరో భద్రంగా రాసి, రాగం కట్టి, దేవాలయంలో పాడమని ఇచ్చారు. అది కూడా కోరహు కుమారుల పేరు మీదే ఉంది. బాధలో ఉన్నవాడు దేవుడితో మర్యాదగా మాట్లాడాలని ఎవరు చెప్పారో గాని, గ్రంథంలో మాత్రం లేదు. మీకు కోపం వస్తే కోపంగానే ప్రార్థించండి.

ప్రార్థించి ఊరుకోమని కూడా అనను. నెహెమ్యా పారసీక రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగం వదిలి యెరూషలేము గోడ కట్టడానికి వచ్చినప్పుడు సన్బల్లటు, టోబీయా ఎంత ఎగతాళి చేశారో నెహెమ్యా గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది. వీళ్లు కట్టిన గోడ మీదికి నక్క ఎగిరితే చాలు, కూలిపోతుంది అన్నాడు టోబీయా. మీ పప్పు మాట అన్నవాడికి ఇతను పూర్వీకుడై ఉండాలి! నెహెమ్యా వాళ్లతో వాదించలేదు. దేవుడికి గట్టిగా ఫిర్యాదు చేశాడు, తరువాత రాయి మీద రాయి పెట్టాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. మధ్యలో ఎగతాళి దాడిగా మారేటట్టు కనబడగానే కాపలా కూడా పెట్టాడు. సగం మంది పని చేస్తే సగం మంది ఈటెలు పట్టుకుని నిలబడ్డారు. అందుకే చెబుతున్నాను: నవ్వితే నవ్వనివ్వండి, లెక్కలు చేసుకోండి. చేయి చేసుకున్నా, పుస్తకాలు చింపినా, పేట పేరు, కులం పేరు పెట్టి తిట్టినా ఆ రోజే వార్డెనుకు చెప్పండి. నాకూ ఫోను చేయండి. అలాంటివి సహించడం భక్తి అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. రెండోవాడా, ఇది నీకే. పైడితల్లి అమ్మవారి పండుగలో ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను, చూడటానికి వెళ్లిన పిల్లలను “చెట్టుకు మొక్కుతారు” అని మొదట నువ్వే నవ్వావని నీ అక్క రాసిన పేరాలో ఉంది. నువ్వు రాసిన పేరాలో లేదు. క్రీస్తు నామం కోసం నింద వస్తే సిగ్గుపడవద్దని పేతురు రాశాడు. అదే చోట, పరుల జోలికి పోయి బాధ తెచ్చుకోవద్దని కూడా రాశాడు. వాళ్ల అమ్మానాన్నలు మొక్కుకున్న పండుగ అది. వెళ్లి క్షమాపణ అడుగు. అడిగాక వాళ్లు ఇంకా నవ్వవచ్చు. అయినా అడుగు.

ఈ గ్రంథం తెలుగులో మన చేతికి రావడం వెనుక కూడా మన తీరం కథ ఒకటి ఉంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే ఆయన తోడ్పాటుతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. వాళ్లు పని చేసిన సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. అచ్చుకాగితం వాళ్లు చూడలేదు. మనం ఆదివారం పాడుకునే కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు, మన పాతపట్నం పక్కనే. మతం మారినందుకు సొంతవాళ్ల కోపాన్ని భరించిన మనిషి ఆయన. ఈసారి పాటల పుస్తకం తెరిచినప్పుడు కింద రాసిన పేర్లు కూడా చూడండి.

రోమా పత్రిక 15వ అధ్యాయంలో 3, 4 వచనాలు పక్కపక్కనే ఉంటాయి. సాధారణంగా 4వ దాన్నే కంఠస్థం చేయిస్తారు: ఓర్పువలనను, లేఖనములవలని ఆదరణవలనను మనకు నిరీక్షణ కలుగుటకై పూర్వం రాసినవన్నీ రాశారని. 3వ వచనంలో నింద ఉంది: “నిన్ను నిందించువారి నిందలు నామీద పడెను.” ఆ పత్రిక రాసిన పౌలు అది 69వ కీర్తనలోంచి తీసి క్రీస్తుకు జరిగిందని చెప్పాడు. ఆదరణ గురించిన వచనం నింద గురించిన వచనం తరువాతనే వచ్చింది. రెండూ కలిపి చదవండి.

రోజూ రాత్రి దీపాలు ఆర్పే ముందు ఒక్క కీర్తన చాలు. బయటికి, నెమ్మదిగా, ముగ్గురూ వంతులవారీగా చదవండి. 13తో మొదలుపెట్టండి, ఆరు వచనాలే. మొదటి రెండింటిలోనే నాలుగుసార్లు ఇంకా ఎంతకాలమని అడుగుతాడు, మీకు నచ్చుతాడు. తరువాత 22, ఆ తరువాత 42, 43 కలిపి. 88ని ఇప్పుడే చదవకండి, సెలవులకు వచ్చాక నా దగ్గర కూర్చుని చదువుదాం. మీ గదిలో ఇంకెవరైనా వింటామంటే వినిపించండి, రమ్మని బలవంతం చేయకండి.

కొత్తగా వేసిన కొబ్బరి మొక్కలు బతికాయి. జీడి మొక్కల్లో రెండు పోయాయి. ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం ఫోను చేయండి. నాన్నకు 43వ కీర్తన మీరే చదివి వినిపించాలి. ఈసారి ఉత్తరంలో ఏదీ చెరిపేయకుండా రాయండి.

ప్రేమతో,
మీ నానమ్మ